ఎందుకని అడిగిన పంతులుగారు

శ్రావణమాసం రాగానే మన గుడిలో సందడి మొదలవుతుంది. పోయిన ఏడాది శుక్రవారం సెలవు దొరకక, వరలక్ష్మీ వ్రతం మనమంతా కలిసి శనివారం నాడు చేసుకున్నాం. పూజ అయ్యింది, కథ చెప్పుకున్నాం, మంగళహారతి ఇచ్చారు. తరువాత వరుసగా అందరికీ పసుపు కుంకుమలు, తాంబూలం ఇస్తున్నాం. పళ్ళెం పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఆ రోజు ఇండియా నుంచి కూతురి దగ్గరకు వచ్చిన ఒక మామ్మగారు, తెల్లవారుజామునే లేచి అందరికంటే ముందు వంటగదిలోకి వచ్చి, రెండు వందల పూర్ణంబూరెలు వేయించిన మామ్మగారు, తాంబూలాల వేళకి హాలులోంచి మెల్లగా లేచి చెప్పులు విడిచే చోటికి వెళ్ళి నిలబడ్డారు. ఎవరూ ఆమెను వెళ్ళమనలేదు. వెళ్ళవద్దనీ అనలేదు. మా పక్కింటి అమ్మాయి, ఎనిమిదేళ్ళది, వాళ్ళమ్మ చెంగు పట్టుకుని ఆ మామ్మగారికి ఎందుకు ఇవ్వడం లేదని అడిగింది. వాళ్ళమ్మ నా వైపు చూసింది. నేను పళ్ళెం వైపు చూసుకున్నాను.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న కొత్తది కాదు. నూట నలభై ఏళ్ళకు పైగా క్రితమే గోదావరి ఒడ్డున ఒక తెలుగు పంతులుగారు సరిగ్గా అదే అడిగారు. అడిగి ఊరుకోకుండా జవాబు వెతికారు. దొరికిన జవాబును తన ఇంట్లో ఆచరించి చూపించారు. ఈ శ్రావణ సంచికలో ఆయన కథ చెప్పుకోవడం న్యాయమని నాకు అనిపించింది. ఆయనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

బాల్యం

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టారు. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. పూర్వీకులు కందుకూరు నుంచి వచ్చి రాజమండ్రిలో స్థిరపడ్డారు కాబట్టి ఇంటిపేరు కందుకూరి అయ్యింది. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నంగారు ఆ పిల్లవాణ్ణి పెంచి పెద్దచేశారు. పంతులుగారి తండ్రి పోయిన రోజులలోనే, 1852లో, ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పూర్తయింది. ఆ కాలువ నీళ్ళతో డెల్టా పచ్చబడుతున్న కాలంలో ఆయన పెరిగారు. పొలాలు మారుతున్నాయి గాని ఇళ్ళలో ఆచారాలు అలాగే ఉన్నాయి.

ఐదో ఏట వీధిబడిలో చేర్చారు. ఆ కాలపు పిల్లలందరిలాగే బాలరామాయణం, అమరం, శతకాలు వల్లె వేశారు. తరువాత ఇంగ్లీషు బడికి వెళ్ళారు. 1861లో, పదమూడో ఏట, ఆయనకు పెళ్ళయింది. పెళ్ళికూతురు వయసు ఎనిమిదేళ్ళు. పుట్టింట ఆమె పేరు బాపమ్మ, తరువాత రాజ్యలక్ష్మి అయ్యింది. ఈ కథలో ఆ పేరు జ్ఞాపకం పెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

చదువుకునే రోజుల్లోనే ఆయనకు ఒక అలవాటు పట్టుబడింది. ఎవరు ఏది చెప్పినా అది నిజమో కాదో తాను స్వయంగా చూసి గాని ఒప్పుకునేవారు కాదు. దయ్యాలు, భూతాలు అంటే అప్పట్లో పెద్దవాళ్ళకే వణుకు. అవి లేవని ఈయన వాదించేవారు. మాటలతో జనం నమ్మరని అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళి వచ్చేవారు. వెళ్ళిన మనిషి మరునాడు బడికి మామూలుగా వస్తే, ఆ రావడమే జవాబు. తర్కం గురించి పెద్ద పుస్తకాలు చదవకముందే ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఇది. భయాన్ని భయపడుతూ కూర్చుని కొలవలేము, దగ్గరకు వెళ్ళి చూడాలి.

బంగాళంలో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేన్ రచనలు చదివిన ప్రభావం కూడా ఆయన మీద బాగా పడింది. 1867లో పెదతండ్రిగారు పోవడంతో సంసార భారం మీద పడింది. లంచం ఇవ్వనిదే సర్కారు కచేరీలో ఉద్యోగం రాదని తెలిసి, ఆ దారి వద్దనుకున్నారు. 1869లో మెట్రిక్యులేషను ప్యాసై బడిపంతులు అయ్యారు. కోరంగిలో పనిచేశారు, తరువాత ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయులయ్యారు. ఆనాటి నుంచి చివరివరకు లోకానికి ఆయన పంతులుగారే.

వివేకవర్ధని

1874వ సంవత్సరం ఆయన జీవితంలో పెద్ద మలుపు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. ఆ ఏడాది ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. ఆ ఏడాదే వివేకవర్ధని అనే పత్రిక మొదలుపెట్టారు. ఆ పేరులోనే ఆయన మతమంతా ఉంది. మనిషికి దేవుడిచ్చిన వివేకాన్ని పెంచాలి, అంతే. ఆడపిల్లలకు చదువెందుకని ఊరు అడిగితే, మగపిల్లలకు ఎందుకో ఆడపిల్లలకూ అందుకేనని ఆయన వాదం.

పత్రికలో ఆయన ఎవరినీ వదలలేదు. లంచాలు తినే అధికారులు, కక్షిదారుల్ని పీల్చుకుతినే వకీళ్ళు, డబ్బు పుచ్చుకుని పసిపిల్లల్ని ముసలివాళ్ళకు కట్టబెట్టే తల్లిదండ్రులు, భోగం మేళాలు పెట్టించి మురిసిపోయే పెద్దమనుషులు, అందరికీ వాతలు పడ్డాయి. ఆయన కలం చాలా పదునైనది. కొన్నిసార్లు అవసరానికి మించి పదునైనదని ఆయనంటే గౌరవం ఉన్నవాళ్ళే అనుకునేవారు. శత్రువులు పెరిగారు. ఆయన తగ్గలేదు.

వ్యాసం చదవనివాళ్ళ కోసం ప్రహసనాలు రాశారు, నాటకాలు రాశారు, ఆడించారు. అందుకే ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. రాజశేఖర చరిత్రము అనే నవలను మొదట తన పత్రికలోనే వరుసగా ప్రచురించి, 1880లో పుస్తకంగా తెచ్చారు. ఇంగ్లీషులో గోల్డ్‌స్మిత్ రాసిన నవల దానికి ప్రేరణ అయినా, కథ నిండా ధవళేశ్వరమే, మన మనుషులే. అందులో రాజశేఖరుడుగారు చెడ్డవాడు కాదు, మంచివాడు, భక్తుడు, దాత. అయితే ఎవరేం చెప్పినా నమ్ముతాడు. బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి ఉన్న బంగారం పోగొట్టుకుంటాడు. పొగిడేవాళ్ళను నమ్మి ఆస్తి పోగొట్టుకుంటాడు. మంచితనానికి వివేకం తోడు లేకపోతే ఇల్లు ఎలా గుల్లవుతుందో చెప్పే కథ అది. ఈ నవల 1887లో ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది.

మరో పుస్తకం సత్యరాజా పూర్వదేశ యాత్రలు. అందులో ఒక దేశంలో పెత్తనమంతా ఆడవాళ్ళది. మన దగ్గర ఆడవాళ్ళకు పెట్టిన కట్టుబాట్లు అక్కడ మగవాళ్ళకు ఉంటాయి. చదువుతూ మగవాళ్ళు మొదట నవ్వుతారు, కాసేపటికి నవ్వు ఆగిపోతుంది. ఒకే న్యాయాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూడడం పంతులుగారి తర్కంలో ముఖ్యమైన పద్ధతి. ఇవిగాక తర్కం, శరీరశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం, జంతువుల గురించి మామూలు మనుషులకు అర్థమయ్యే తెలుగులో చిన్న పుస్తకాలు రాశారు. తెలుగు కవుల చరిత్రను పోగుచేసి గ్రంథంగా తెచ్చారు. మొత్తం మీద ఆయన రచనలు నూరుకు పైమాటే. వచనాన్ని అంత సులువుగా నడిపించారు కాబట్టి ఆయనకు గద్య తిక్కన అనే పేరు వచ్చింది.

అసలు పరీక్ష

అప్పట్లో ఆడపిల్లలకు ఐదారేళ్ళకే పెళ్ళిళ్ళు. భర్త ముఖం కూడా సరిగా తెలియని పిల్లలు, బొమ్మలతో ఆడుకునే పిల్లలు, ఎక్కడో ఎవరో పోయారని కబురు రాగానే వితంతువులయ్యేవారు. ఊహ తెలిశాక తలవెంట్రుకలు తీసేసి, తెల్లబట్ట కట్టించి, ఒంటిపూట భోజనంతో, శుభకార్యంలో ఎదురుపడకుండా వంటింటి వెనక బతుకంతా గడపమనేవారు. భార్య పోయిన మగవాడు మాత్రం ఏడాది తిరగకుండా మళ్ళీ పీటల మీద కూర్చునేవాడు. ఇద్దరికీ రెండు న్యాయాలు ఎందుకని పంతులుగారు అడిగారు.

చట్టం ఏనాడో వచ్చింది. బంగాళంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుగారి కృషి వల్ల 1856లోనే వితంతు పునర్వివాహ చట్టం అయ్యింది. కాని గోదావరి తీరాన పాతికేళ్ళపాటు అది కాగితం మీదే ఉండిపోయింది. చట్టం తలుపు తాళం తీస్తుంది. తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళవలసింది మనుషులు.

1879లో పంతులుగారు ఈ విషయం మీద బహిరంగంగా ఉపన్యాసాలు మొదలుపెట్టారు. ఇక్కడ ఆయన పద్ధతి గమనించవలసినది. శాస్త్రాలన్నీ అబద్ధమని ఆయన మొదలుపెట్టలేదు. పండితులు శాస్త్రం ఒప్పుకోదన్నారు కాబట్టి శాస్త్రమే తెరిచారు. విద్యాసాగరుగారిలాగే పరాశరస్మృతిని ముందుపెట్టి, పునర్వివాహానికి అందులో అనుమతి ఉన్నదని చూపించారు. పండితులు ఖండించారు, ఆయన మళ్ళీ ఖండించారు. ఎక్కడ శాస్త్రమో, ఎక్కడ కేవలం అలవాటో విడదీసి చూపించడం ఆయన చేసిన పెద్ద మేలు. మనం శాస్త్రమనుకునే వాటిలో చాలావరకు మా అమ్మమ్మ అలా చేసేది అన్నవే అని మనకూ తెలుసు.

వాదంలో గెలిచినా పెళ్ళికొడుకు దొరకాలి, పెళ్ళికూతురు దొరకాలి. రెండేళ్ళు పట్టింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. పంతులుగారి విద్యార్థులు అండగా నిలిచారు. ఆఖరికి 1881 డిసెంబర్ 11న, రాజమండ్రిలో, పంతులుగారి ఇంట్లో, గోగులపాటి శ్రీరాములుగారికి, గౌరమ్మగారికి పెళ్ళి జరిగింది. ఆంధ్రదేశంలో మొట్టమొదటి వితంతు వివాహంగా చెప్పుకునేది అదే.

ఊరు ఊరంతా తిరగబడింది. వస్తామన్న స్నేహితులు ఆఖరి నిమిషంలో మొహం చాటేశారు. పీఠాధిపతి పేరుతో వెలివేస్తూ శ్రీముఖం వచ్చింది. వచ్చినవాళ్ళలో కొందరు బంధువుల పోరు పడలేక ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. పంతులుగారింటికి పురోహితుడు రాడు, వంటమనిషి రాదు, నీళ్ళు మోసేవాళ్ళు రారు.

గోదావరి నుంచి బిందె తెచ్చినది ఎవరు

రాజ్యలక్ష్మమ్మగారి పేరు జ్ఞాపకం పెట్టుకోమన్నది ఇందుకే. నీళ్ళు మోసేవాళ్ళు మానేస్తే ఆమె స్వయంగా గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చారు. వంటవాళ్ళు మానేస్తే పెళ్ళివారందరికీ ఆమే వండి పెట్టారు. పుట్టింటివారు, బంధువులు దూరమైనా భర్త పక్షాన నిలబడ్డారు. ఆ దంపతులకు బిడ్డలు లేరు. ఇంట్లో చేరిన అనాథలైన వితంతు బాలికలకు ఆమే తల్లి అయ్యారు. వాళ్ళకు చదువు చెప్పించి, జుట్టు దువ్వి, పెళ్ళిళ్ళు చేసి పంపారు.

పంతులుగారి వాదం ఎంత గట్టిదైనా, ఆ రోజు ఆ బిందె రాకపోతే పీటల మీద కూర్చున్న జంటకు తాగడానికి నీళ్ళుండేవి కావు. బుద్ధి దారి చూపిస్తుంది. ఆ దారిన నడిచే కాళ్ళు, మోసే భుజాలు వేరే కావాలి. తర్కం, దయ ఒకే ఇంట్లో కాపురం ఉన్నాయి కాబట్టి ఆ పని జరిగింది.

తరువాత పంతులుగారు నలభై దాకా ఇలాంటి పెళ్ళిళ్ళు చేయించారు. స్త్రీల కోసం సతీహితబోధిని అనే పత్రిక నడిపారు. మద్రాసులో, తరువాత రాజమండ్రిలో వితంతువులకు శరణాలయాలు పెట్టారు. 1893లో ప్రభుత్వం రావుబహదూరు బిరుదు ఇచ్చింది. మహాదేవ గోవింద రానడేగారు ఆయన్ను దక్షిణదేశపు విద్యాసాగరుడని మెచ్చుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో కొన్నేళ్ళు తెలుగు పండితులుగా పనిచేసి తిరిగి రాజమండ్రి చేరారు. హితకారిణి సమాజం స్థాపించి, తన యావదాస్తినీ దానికి రాసి ఇచ్చేశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూశారు. అర్ధశతాబ్దం పాటు సాగిన దాంపత్యం అది. ఆ తరువాతి తొమ్మిదేళ్ళూ ఆయన ఒంటరిగానే పని చేశారు. 1919 మే 27న మద్రాసులో, డెబ్భై ఒకటో ఏట, పరమపదించారు. అప్పటికే తన జీవితాన్ని స్వీయచరిత్రముగా రాసిపెట్టారు. రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆయన పుట్టిన ఇల్లు చూడవచ్చు, దాన్ని స్మారకంగా కాపాడుతున్నారు.

గుడి పత్రికలో ఆయన కథ ఎందుకు

కొందరు పెద్దలు ఇది అడగవచ్చు. వీరేశలింగంగారు విగ్రహారాధన వదిలేశారు, జంధ్యం తీసేశారు, బ్రహ్మసమాజంలో చేరారు కదా, ఆయన కథ మనకెందుకని. న్యాయమైన ప్రశ్నే. ఈ విషయంలో ఆయనతో మనకు కుదరదు. దీపం వెలిగించి, అమ్మవారి ముఖం చూసి కన్నీళ్ళు పెట్టుకునే భక్తికి తర్కంతో పని లేదని నేనూ అనుకుంటాను. కాని ఆయన నాస్తికుడు కాదు. 1878లోనే రాజమండ్రిలో ప్రార్థనాసమాజం పెట్టిన మనిషి. దేవుడు ఒక్కడున్నాడనీ, ఆ దేవుడు పసిపిల్లను శిక్షించడనీ గట్టిగా నమ్మారు.

ప్రశ్నించడం మన ధర్మానికి కొత్త కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు చిన్నపిల్లవాడే, యమధర్మరాజునే అడిగాడు. జనకుని సభలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి నిలబెట్టి అడిగింది. మన ఆరు దర్శనాలలో న్యాయదర్శనం ఒకటి, అది పూర్తిగా తర్కం మీద నిలబడినది. గీత అంతా చెప్పిన తరువాత శ్రీకృష్ణుడు కూడా అర్జునుణ్ణి బాగా ఆలోచించుకుని ఇష్టం వచ్చినట్లు చేయమన్నాడే గాని ఆలోచించవద్దనలేదు. మన పిల్లలు ఇక్కడి బడులలో రోజూ చెయ్యెత్తి ఎందుకని అడగడం నేర్చుకుంటున్నారు. ఆదివారం గుడికి వచ్చి అదే అడిగితే, అడగకూడదమ్మా అంటే, వాళ్ళు అడగడం మానరు, గుడికి రావడం మానేస్తారు. ఈ భయం మన తల్లిదండ్రులందరికీ ఉన్నదే.

అడిగిన ప్రతిదానికీ మన దగ్గర జవాబు ఉండనక్కరలేదు. కొన్నిటికి అర్థం ఉంది, తెలుసుకుని చెబుదాం. కొన్ని అందం కోసం, ఆనందం కోసం చేసుకుంటాం, అలాగే చెబుదాం. కొన్ని మాత్రం పక్కనున్న మనిషిని బాధపెడతాయి, ఎందుకు చేస్తున్నామో చెప్పలేం. పంతులుగారు పట్టుకున్నది ఈ మూడో రకాన్నే.

పోయిన ఏడాది ఆ శనివారం నేను పళ్ళెం వైపు చూసుకున్నాను. అందరి ముందు ముందుకు అడుగు వేస్తే ఎవరేమనుకుంటారో అన్న జంకు. ఆ మామ్మగారు తరువాత అందరి గిన్నెలూ కడిగి, బూరెలు ఎలా కుదిరాయని నన్నే అడిగి వెళ్ళారు. ఆమె తిరిగి ఇండియా వెళ్ళిపోయారు. ఆమెకు ఇవ్వవలసిన తాంబూలం నా దగ్గరే బాకీ ఉండిపోయింది.

ఈ ఏడాది కూడా పళ్ళెం పట్టుకోమని అడిగారు. ఒప్పుకున్నాను. వ్రతం నియమాలు మార్చమని నేను కమిటీవారిని అడగడం లేదు. ఆకు, వక్క, పండు, పువ్వు అమ్మవారి ప్రసాదం. అది హాలులో ఉన్న ప్రతి తల్లికీ ముందు పెద్దలతో మొదలుపెట్టి ఇవ్వాలని, ఎవరైనా చెప్పులు విడిచే చోట నిలబడి ఉంటే నేనే అక్కడికి నడిచి వెళ్ళాలని అనుకుంటున్నాను. మీలో ఎవరైనా నాతో రెండో పళ్ళెం పట్టుకుంటే సంతోషిస్తాను. పక్కింటి పాపకు కూడా చెప్పాను, తమలపాకుల బుట్ట తనే పట్టుకుంటానంది.

అందరికీ శ్రావణమాస శుభాకాంక్షలు. శుభమ్.